అక్షరయోధుడు షోయబుల్లాఖాన్

పాఠ్యభాగ నేపథ్యం

నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థాన విమోచనకు ఎందరో ఎన్నో విధాల పాటుపడ్డారు. కొందరు సత్యాగ్రహం చేసి చెరసాలలకు వెళ్ళారు. కొందరు ఆయుధాలు పట్టారు. కొందరు గ్రంథాలయాలు స్థాపించి ప్రజలలో చైతన్యం కలిగించారు. కలాన్నే ఆయుధంగా చేసుకొని, ఆ కలం పట్టిన చేతినే ఆహుతి చేసిన పాత్రికేయుడు షోయబుల్లాఖాన్. పత్రికా స్వాతంత్ర్యం విలువను, మతానికీ రాజకీయ అధికారానికీ నడుమ ఉండవలసిన ఎడాన్ని ఆయన జీవితం మనకు తెలియజేస్తుంది.

బాల్యం - విద్య

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరులో నాటి వరంగల్లు జిల్లాలో జన్మించాడు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. ఆ ఏడాదే దేశంలో సహాయ నిరాకరణోద్యమం మొదలైంది. గాంధీజీ పేరు పల్లెపల్లెకూ పాకింది. నిజాం ప్రభుత్వంలో పనిచేస్తున్నప్పటికీ హబీబుల్లాఖాన్‌కు గాంధీజీపై అపారమైన గౌరవం ఉండేది. కుమారుని ముఖంలో గాంధీజీ పోలికలు చూసుకొని, ఆయన ఆ పిల్లవానిని ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలుచుకొనేవాడని చెబుతారు. ముద్దుపేరుగా మొదలైన ఆ పిలుపు తరువాతి కాలంలో కొడుకు నడిచిన బాటకు తగినదే అయింది.

షోయబుల్లాఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రుడయ్యాడు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో నాడు బోధన ఉర్దూలో సాగేది. ఉర్దూ సంస్థానంలో రాజభాష. ఆ భాషలో పట్టు, విశ్వవిద్యాలయ పట్టా రెండూ ఉన్న ముస్లిం యువకునికి ప్రభుత్వోద్యోగం దుర్లభం కాదు. ఉద్యోగంలో చేరి ఉంటే జీవితం సుఖంగా గడిచిపోయేది. కాని ఆయన చూపు పత్రికల వైపు మళ్ళింది. రాబడి తక్కువ, ప్రమాదం ఎక్కువ అయిన వృత్తిని తెలిసి తెలిసి ఎన్నుకున్నాడు.

నాటి హైదరాబాదు సంస్థానం

షోయబుల్లాఖాన్ చేసిన పని విలువ తెలియాలంటే నాటి పరిస్థితులు తెలియాలి. 1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాముగా సంస్థానాన్ని పాలిస్తున్నాడు. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థాన జనాభా కోటీ అరవై లక్షలకు పైబడింది. వారిలో దాదాపు సగం మంది తెలుగువారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు మాట్లాడేవారు అధికులు. అయినా చదువులోను, న్యాయస్థానాలలోను, ప్రభుత్వ కార్యాలయాలలోను ఉర్దూదే పెత్తనం. సభ జరపాలన్నా, పాఠశాల తెరవాలన్నా, పత్రిక పెట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కావలసిందే.

ఇంతటి నిర్బంధంలోనూ పత్రికలు పుట్టాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక తెలుగులో వెలువడింది. మందుముల నరసింగరావు ఉర్దూలో రయ్యత్ పత్రికను నడిపాడు. రయ్యత్ అంటే రైతు. రాజభాషలోనే రైతుల గోడు వినిపించడం వల్ల ఆ పత్రిక అధికారుల చెవులకు సూటిగా తాకేది. అందువల్లనే వారి ఆగ్రహానికీ గురైంది.

1947 జూన్‌లో నిజాం ఒక ఫర్మానా జారీ చేశాడు. బ్రిటిషువారు వెళ్ళిపోగానే తాను స్వతంత్రుడనవుతానని, భారతదేశంలో గాని పాకిస్థాన్‌లో గాని చేరబోనని దాని సారాంశం. ఆగస్టు 15న దేశమంతటా స్వాతంత్ర్య సంబరాలు జరుగుతుండగా హైదరాబాదులో జాతీయ జెండా ఎగురవేయడం నేరమయింది. భారతదేశంలో విలీనం కోరుతూ ఉద్యమించిన స్టేట్ కాంగ్రెసు నాయకుడు స్వామి రామానందతీర్థ ఆనాడే అరెస్టయ్యాడు. పల్లెలలో భూస్వాములకు, నిజాంకు వ్యతిరేకంగా రైతాంగ సాయుధ పోరాటం సాగుతున్నది. నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ మధ్య యథాతథ ఒప్పందం కుదిరినా సంస్థానంలో శాంతి నెలకొనలేదు.

ఈ అశాంతికి ప్రధాన కారణం రజాకార్లు. రజాకారు అనే మాటకు స్వచ్ఛంద సేవకుడని అర్థం. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు అనుబంధంగా ఏర్పడిన ఈ దళానికి లాతూరుకు చెందిన న్యాయవాది ఖాసిం రజ్వీ నాయకుడు. సంస్థానంలోని ప్రతి ముస్లిమూ పాలకుడేనని, నిజాం వారి అధికారానికి ప్రతీక మాత్రమేనని ఆ సంస్థ ప్రచారం చేసింది. ఈ సిద్ధాంతాన్ని అంగీకరిస్తే నిజాంను ప్రశ్నించడం మతాన్ని ప్రశ్నించడమే అవుతుంది. మతాభిమానాన్ని రాజభక్తితో ముడిపెట్టడంలోని చాతుర్యం ఇదే. పేద ముస్లింకు ఇందువల్ల కలిగిన మేలు ఏమీ లేదు. పాలకుడనే భ్రమ మాత్రం మిగిలింది.

పాత్రికేయ జీవితం

షోయబుల్లాఖాన్ మొదట తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరాడు. ఆయన నిర్భయమైన రచనలు త్వరలోనే పాఠకులను ఆకర్షించాయి. పాలకుల దృష్టిలోనూ పడ్డాయి. ఫలితంగా ఆ పత్రికపై నిషేధం విధించారు. అప్పుడు మందుముల నరసింగరావు ఆయనను రయ్యత్ పత్రికలోకి తీసుకొని ఉపసంపాదక బాధ్యతలు అప్పగించాడు. సంపాదకుడు హిందువు. ఉపసంపాదకుడు ముస్లిం. ఇద్దరి భాష ఉర్దూ. ఇద్దరి ఆశయం ప్రజాస్వామ్యం. కాని రయ్యత్ కూడా ఎంతోకాలం నిలువలేదు. ప్రభుత్వం దానినీ నిషేధించింది.

రెండు పత్రికలు కళ్ళముందే మూతపడ్డాయి. మరొకరైతే ఇక చాలునని ఊరుకొనేవారు. షోయబుల్లాఖాన్ మూడవ పత్రికను తానే పెట్టడానికి పూనుకున్నాడు. బూర్గుల రామకృష్ణారావు వంటి పెద్దలు అండగా నిలిచారు. ఈ రామకృష్ణారావే 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. 1947 నవంబరు 15న ఇమ్రోజ్ దినపత్రిక తొలి సంచిక కాచిగూడ ప్రాంతం నుండి వెలువడింది. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం. నేడు జరుగుతున్నదానిని నేడే చెప్పాలన్న పట్టుదల ఆ పేరులోనే కనిపిస్తుంది.

ఇమ్రోజ్ సాహసం

ఇమ్రోజ్ బతికిన కాలం కేవలం తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలలో అది రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టింది. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడాలని కోరింది. సంస్థానం భారతదేశంలో విలీనం కావడమే హిందువులకూ ముస్లింలకూ క్షేమమని వాదించింది.

ఆ రోజుల తీరు ఎటువంటిదో బీబీనగర్ ఉదంతం తెలుపుతుంది. సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోయే రైలుమార్గంలో చర్లపల్లి, ఘటకేసర్ దాటిన తరువాత బీబీనగర్ స్టేషను వస్తుంది. ఉప్పల్, నాచారం, చెంగిచెర్ల ప్రాంతాల వారికి ఈ దారి చిరపరిచితమైనదే. 1948 జనవరిలో ఈ మార్గాన ప్రయాణిస్తున్న రజాకార్లు బీబీనగర్‌లో రైలు దిగి గ్రామంపై పడ్డారు. ఇళ్ళను దోచుకొని నిప్పు పెట్టారు. రాజధానికి ఇంత చేరువలో పట్టపగ్గాలు లేకుండా ఇటువంటి దాడి జరిగిందంటే మారుమూల పల్లెల గతి ఏమిటో ఊహించవచ్చు. ఇటువంటి ఘటనలను కప్పిపుచ్చకుండా ప్రకటించడమే ఇమ్రోజ్ చేసిన నేరం.

ఇమ్రోజ్ రాతలు రజాకార్లకు మింగుడు పడకపోవడానికి మరొక కారణం కూడా ఉంది. హిందువు విమర్శిస్తే మతద్వేషమని కొట్టివేయవచ్చు. ఆంగ్ల పత్రిక రాస్తే పరాయివారి మాట అనవచ్చు. ఇక్కడ విమర్శించేవాడు ముస్లిం. రాసేది ఉర్దూలో. చదివేది ఉద్యోగులు, విద్యావంతులైన ముస్లింలు. రజాకార్లు తమ బలమని నమ్ముకున్న వర్గంలోనే ఇమ్రోజ్ ఆలోచన రేకెత్తిస్తున్నది. షోయబుల్లాఖాన్ తన మతాన్ని విడువలేదు, నిందించలేదు. మతం పేరుతో సాగే దోపిడీని మాత్రమే నిందించాడు. నిరపరాధులను హింసించడం ఏ ధర్మానికీ సమ్మతం కాదన్నదే ఆయన వాదం. రజాకార్లు మాత్రం ఆయనను మతద్రోహిగా చిత్రించారు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. వారిలో మంజూర్ యార్ జంగ్, బాకర్ అలీ మీర్జా, రజాకార్ల చర్యలకు నిరసనగా ప్రభుత్వోద్యోగాన్ని వదులుకున్న ఫరీద్ మీర్జా ఉన్నారు. రజాకారు దళాన్ని రద్దు చేయాలని, సంస్థానాన్ని భారతదేశంలో కలపాలని వారు కోరారు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించింది. సంస్థానంలోని ముస్లింలందరూ తమ వెంటే ఉన్నారన్న రజ్వీ మాటను ఆ ప్రకటన బట్టబయలు చేసింది.

బలిదానం

షోయబుల్లాఖాన్‌కు బెదిరింపు ఉత్తరాలు రావడం మొదలైంది. మిత్రులు కొంతకాలం జాగ్రత్తగా ఉండమని హితవు చెప్పారు. తమకు వ్యతిరేకంగా రాసే చేతులు నిలువవని ఖాసిం రజ్వీ బహిరంగ సభలోనే హెచ్చరించాడు. ఆ మాటల అర్థం షోయబుల్లాఖాన్‌కు తెలియనిది కాదు. అయినా ఆయన ఊరు విడువలేదు. కలమూ విడువలేదు. ఎప్పటిలాగే రాత్రి పొద్దుపోయేవరకు కార్యాలయంలో పనిచేసి, నడచి ఇంటికి వెళ్ళేవాడు.

1948 ఆగస్టు 21. ఆ రాత్రి మరునాటి సంచిక పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి ఇంటిదారి పట్టాడు. కాచిగూడ వీథులు నిర్మానుష్యంగా ఉన్నాయి. దారిలో పొంచి ఉన్న దుండగులు వెనుక నుండి తుపాకితో కాల్చారు. నేలకూలిన షోయబుల్లాఖాన్ చేతిని కత్తితో నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్‌ఖాన్ చేతిని కూడా తెగవేశారు. తీవ్రంగా గాయపడిన షోయబుల్లాఖాన్ ఆగస్టు 22 తెల్లవారుజామున కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. అభిమానులు ఊరేగింపుగా వెంట నడిచే అవకాశమైనా లేకుండానే అంత్యక్రియలు ముగిశాయి.

ప్రాణం తీయడమే హంతకుల ఉద్దేశమైతే తుపాకి గుండు చాలును. చేతిని నరకడంలో వేరొక ఉద్దేశం ఉంది. అది ఒక్క షోయబుల్లాఖాన్‌కు విధించిన శిక్ష కాదు. కలం పట్టిన ప్రతి పాత్రికేయునికీ చేసిన హెచ్చరిక. ఆయనతోపాటు ఇమ్రోజ్ కూడా ఆగిపోయింది. కాని హంతకులు కోరుకున్న నిశ్శబ్దం నాలుగు వారాలైనా నిలువలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. షోయబుల్లాఖాన్ తన పత్రికలో కోరిన విలీనం ఆయన మరణించిన 26 రోజులకు వాస్తవమైంది. రజ్వీ బీబీనగర్ కేసులో శిక్షపడి జైలుపాలయ్యాడు. 1957లో విడుదలై పాకిస్థాన్ వెళ్ళిపోయాడు.

ఆయన జీవితం చెప్పే పాఠం

షోయబుల్లాఖాన్ వంటి వారు మన దేశంలోను, ఇతర దేశాలలోను ఉన్నారు. ప్రతాప్ పత్రిక సంపాదకుడు గణేశ్ శంకర్ విద్యార్థి 1931 మార్చిలో కాన్పూరు మత కలహాలలో చిక్కుకున్నవారిని కాపాడబోయి ప్రాణాలు కోల్పోయాడు. ఆఫ్రికా ఖండంలోని నైజీరియాలో సైనిక పాలన సాగుతున్న కాలంలో, న్యూస్‌వాచ్ పత్రిక సంపాదకుడు డెలె గివా 1986 అక్టోబరు 19న ఇంటికి వచ్చిన పార్సిల్ బాంబుకు బలయ్యాడు. దేశాలు వేరు, కాలాలు వేరు. నిజం రాసేవాడిని చూసి బెదిరే అధికారం తీరు మాత్రం ఒక్కటే.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 19వ అధికరణం ద్వారా పౌరులకు భావ ప్రకటన స్వేచ్ఛను కల్పించింది. పత్రికా స్వాతంత్ర్యం కూడా అందులో అంతర్భాగమేనని సుప్రీంకోర్టు ఆ సంవత్సరం నుండే తీర్పులు చెప్పింది. ఈనాడు మనం ప్రభుత్వాన్ని విమర్శిస్తూ నాలుగు మాటలు రాయగలుగుతున్నామంటే ఆ హక్కు వెనుక ఎందరి త్యాగమో ఉంది. హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన సరిపోదు. దానిని వినియోగించుకొనే ధైర్యం మనిషిలో ఉండాలి.

తనవారు కానివారి తప్పును ఎత్తిచూపడం సులభం. తనవారి తప్పును తనవారి ఎదుటే, తనవారి భాషలోనే చెప్పడం కష్టం. షోయబుల్లాఖాన్ ఆ కష్టమైన పనిని ఎన్నుకున్నాడు. ఆయన అసలైన ధైర్యం తుపాకికి భయపడకపోవడంలో కన్న, తనవారు ద్రోహి అని నిందించినా న్యాయం పక్షాన నిలబడడంలో ఉంది. మతాన్ని ప్రేమిస్తూనే మతోన్మాదాన్ని ఎదిరించవచ్చునని, పుట్టిన గడ్డను ప్రేమిస్తూనే దాని పాలకుని నిలదీయవచ్చునని ఆయన తన బతుకుతో నిరూపించాడు.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. షోయబుల్లాఖాన్ పాత్రికేయ జీవితాన్ని వివరించండి.
2. ఇమ్రోజ్ పత్రిక రజాకార్ల ఆగ్రహానికి గురికావడానికి గల కారణాలను విశ్లేషించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. హైదరాబాదు సంస్థానంలో భాషా పరిస్థితి ఎలా ఉండేది?
2. ఏడుగురు ముస్లిం ప్రముఖుల ప్రకటనలోని ముఖ్యాంశాలు ఏవి?
3. మతాభిమానానికీ మతోన్మాదానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా తెలపండి.

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇమ్రోజ్ అనే మాటకు అర్థం ఏమిటి?
2. రయ్యత్ పత్రికను నడిపినది ఎవరు?
3. బీబీనగర్‌పై రజాకార్ల దాడి ఎప్పుడు జరిగింది?

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
ప్రభుత్వోద్యోగం, మతాభిమానం, మతోన్మాదం, ముఖ్యాంశం