నార్మన్ పాగ్సన్

నార్మన్ రాబర్ట్ పాగ్సన్ (మార్చి 23, 1829 - జూన్ 23, 1891) మద్రాసు వేధశాలలో ముప్పై సంవత్సరాలు పనిచేసిన ఆంగ్లేయ ఖగోళ శాస్త్రవేత్త. నక్షత్రాల కాంతిని అంకెలలో కొలవటానికి నేటికీ వాడుతున్న నిష్పత్తిని ప్రతిపాదించినది ఈయనే.

ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో జన్మించిన పాగ్సన్, 1850లలో ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడిగా పనిచేశాడు. 1856లో ఐసిస్ అనే గ్రహశకలాన్ని కనుగొన్నాడు. దానికి ఆయన కుమార్తె పేరు పెట్టారు.

కాంతి కొలత

నక్షత్రాలను కాంతిని బట్టి ఆరు తరగతులుగా విభజించే పద్ధతి ప్రాచీన గ్రీకుల నాటిది. అయితే అది కంటి అంచనా మాత్రమే. మొదటి తరగతి నక్షత్రం ఆరవ తరగతి దానికన్నా సుమారు నూరు రెట్లు ప్రకాశవంతమని పంతొమ్మిదవ శతాబ్దంలో తేలింది. ఒక్కొక్క మెట్టుకు ఎన్ని రెట్లు అనే విషయంలో మాత్రం పరిశీలకుల కొలతలు ఏకీభవించలేదు. 1856లో పాగ్సన్ ఈ నిష్పత్తిని 2.512గా స్థిరపరచాలని సూచించాడు. ఇది నూరుకు అయిదవ మూలం. దీని సంవర్గమానం 0.4 కనుక లెక్క సులువు. రెండు నక్షత్రాల మాగ్నిట్యూడ్ల తేడాను 0.4తో గుణించి, వచ్చినదాన్ని పదికి ఘాతంగా వేస్తే కాంతుల నిష్పత్తి వస్తుంది.

చలికాలపు రాత్రులలో కర్నూలు, కడప ప్రాంతాలనుండి దక్షిణాన తక్కువ ఎత్తులో అగస్త్య నక్షత్రం (-0.74), దానికి బాగా పైన మృగవ్యాధ నక్షత్రం (-1.46) కనిపిస్తాయి. తేడా 0.72. అంటే మృగవ్యాధుడు మనకు దాదాపు 1.94 రెట్లు ఎక్కువ కాంతివంతంగా కనబడతాడు. అయితే ఇది కంటికి చేరే కాంతి మాత్రమే. నిజానికి చాలా దూరాన ఉన్న అగస్త్యుడే ఎన్నో రెట్లు శక్తివంతుడు. నక్షత్రపు అసలు శక్తిని వాట్లలోకి మార్చటానికీ ఇదే నిష్పత్తి ఆధారం. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2015లో చేసిన నిర్ణయం ప్రకారం, అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలుపుకొన్న నిరపేక్ష మాగ్నిట్యూడ్ సున్నా అయితే శక్తి 3.0128 × 10^28 వాట్లు. సూర్యుని మాగ్నిట్యూడ్ 4.74, కాబట్టి సూర్యుని శక్తి 3.828 × 10^26 వాట్లు.

మద్రాసులో

1861లో మద్రాసు ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తగా బాధ్యతలు చేపట్టి, అదే సంవత్సరం ఆసియా అనే గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండంనుండి కనుగొన్న మొదటి గ్రహశకలం కావటం వలన దానికి ఆ పేరు వచ్చింది. ఆగష్టు 18, 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మచిలీపట్నంలో వర్ణపటదర్శినితో పరిశీలించాడు. సహాయకుడు చింతామణి రఘునాథాచారి నాయకత్వంలో మరొక బృందం కర్నూలుకు ఉత్తరాన ఉన్న వనపర్తికి వెళ్ళింది. గ్రహణ సమయంలో పాగ్సన్ చూసిన పసుపు రేఖ తరువాత హీలియం మూలకానిదని తేలింది. గుంటూరులో పరిశీలించిన జాన్సెన్‌కు దక్కినంత పేరు ఈయనకు దక్కలేదు. భూమిపై హీలియం 1895లో గాని దొరకలేదు. అప్పటికి పాగ్సన్ మరణించి నాలుగేళ్ళు.

1873నుండి కుమార్తె ఎలిజబెత్ ఐసిస్ వేధశాలలో సహాయకురాలిగా పనిచేసింది. పదవిలో ఉండగానే పాగ్సన్ మద్రాసులో మరణించాడు. ఎన్నో ఏళ్ళ శ్రమతో సేకరించిన చరకాంతి నక్షత్రాల పరిశీలనలు ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు; 1908లో మాత్రమే లండనులో వెలువడ్డాయి.