నీటిపక్షుల నెలవును నిలిపిన సాలిం అలీ

కార్తీకము ప్రవేశించినది మొదలు కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవులలోను, హోప్ ద్వీపము చెంతగల బురద మేటలపైనను ఉత్తర దేశముల పక్షులు గుంపులు గుంపులుగా వ్రాలుట మన ప్రాంతీయు లెరిగినదే. తరతరములుగా చూచుచున్నను, అవి యెచ్చటినుండి వచ్చునో, వానికి ఆ బురదయే యేల కావలయునో విచారించువారు మనలో అరుదు. అట్టి విచారణకే జీవితమును ధారవోసిన మహనీయుడు డాక్టర్ సాలిం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తండ్రియు, తల్లియు గతింపగా మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ యింట పెరిగెను. బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టగా దాని కంఠమున పసుపు మచ్చ కనబడెను. అది యే జాతిదో మేనమామకును తెలియక, బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దొర విసుగుకొనక, సంఘమువారు భద్రపరచిన పక్షుల నన్నింటిని చూపెను. ఆ పిల్లవాని త్రోవ ఆనాడే ఏర్పడినది.

త్రోవ సుగమము కాలేదు. బర్మాలో కుటుంబ వ్యాపారము కలసిరాలేదు. విశ్వవిద్యాలయ పట్టము లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో కొలువు దొరకలేదు. 1926లో బొంబాయి మ్యూజియమున చిన్న యుద్యోగము సంపాదించి, సెలవుపై బెర్లిను నగరమునకు పోయి స్ట్రెసెమాన్ పండితునియొద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చుసరికి, ధనము లేదని ఆ యుద్యోగమునే తీసివేసిరి. అంతట భార్య తెహ్మీనాతో కిహీం అను సముద్రతీర గ్రామమున కాపురముండి, గిజిగాండ్లను చూచుచు కాలము గడిపెను. మగపక్షి గూటిని సగమల్లి యుంచుననియు, ఆడుపక్షి వచ్చి పరీక్షించి నచ్చిన కాపురమునకు దిగుననియు, మగపక్షి వెంటనే వేరొక గూటికి పూనుకొనుననియు కనుగొనెను. మన పొలాల గట్లపై తాటిచెట్లకు వ్రేలాడు గూళ్ళ మర్మమిదియే!

1931-32లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపెను. వెంట నడచిన తెహ్మీనా 1939లో మరణించెను. రెండేండ్లకు వెలువడిన ఆయన భారతీయ పక్షుల గ్రంథము సామాన్యులకు సైతము పక్షులను గుర్తించుట నేర్పినది.

ఆయన చేసిన పనులలో మన డెల్టావారు ముఖ్యముగా తెలిసికొనదగినది భరత్‌పూర్ కథ. అచ్చటి చిత్తడి నేల రాజుగారి బాతుల వేటకు ప్రత్యేకించిన స్థలము. 1938 నవంబరు 12న, సాలిం అలీ పుట్టినరోజుననే, వైస్రాయి లిన్లిత్‌గో పరివారము ఒక్క దినమున 4,273 పక్షులను కూల్చెను. విచిత్రమేమనగా, ఆ వేటకై కాపాడబడుటచేతనే ఆ నీటినేల నిలిచియున్నది. స్వాతంత్ర్యానంతరము నీరు తీసివేసి సాగుభూమిగా పంచవలెనని రైతులు కోరిరి. ఆకలిగొన్నవాడు భూమి నడుగుట నేరము కాదు. అయినను సాలిం అలీ ప్రధాని నెహ్రూకు మొరపెట్టుకొని ఆ నేల పోకుండ నిలిపెను. రాజుగారి వేట హక్కు మాత్రము 1972 వరకు సాగినది. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రాంసార్ చిత్తడినేలల పట్టికలో అది చేరెను.

అయితే అక్కడనే ఆయన తలపు తారుమారైన ఘట్టమొకటి గలదు. పశువుల మేత పక్షులకు చేటని ఆయన నమ్మెను. 1982లో మేతను నిషేధింపగా గ్రామస్థులు తిరుగబడిరి. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట ఆయన సంఘమువారే పది యేండ్లు పరిశీలించి, గేదెలు మేయనందున గడ్డి దట్టముగా పెరిగి నీటిని కప్పివేసి పక్షులకే హాని చేసినదని తేల్చిరి. ఆ ఫలితము పూర్తిగా వెలువడునప్పటికి ఆయన లేడు. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూసెను.

మన జిల్లాల సంగతి. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున దాదాపు 3,000 గూడబాతులు గూళ్ళు పెట్టియుండుట కనుగొనెను. 1975 ప్రాంతమున ఆ కాలనీ అదృశ్యమైనది. కోరంగి 1978లోను, కొల్లేరు 1999లోను అభయారణ్యములైనవి. 2002లో కొల్లేరు రాంసార్ పట్టికకెక్కెను. కోరంగి అధికభాగము ప్రభుత్వపు అడవి గనుక తగవు తక్కువ. కొల్లేటిలో ప్రభుత్వ భూమితోపాటు జిరాయితీ భూములును గలవు. 2006లో చేపల చెరువుల గట్లు పగులగొట్టినను ఆ తగవు తీరలేదు. భరత్‌పూర్ రైతు వేసిన ప్రశ్నయే కొల్లేటి రైతుదియు. ఆటపాకవద్ద మాత్రము అటవీశాఖవారు నీటిలో నాటిన ఇనుప మంచెలపై గూడబాతులు మరల గూళ్ళు పెట్టి పిల్లలను పొదుగుచున్నవి.