గామా పహిల్వాన్: శ్రమ, విశ్రాంతి, బలం

మీరు ఎప్పుడైనా రోజంతా గడ్డపారతో మట్టి తవ్వారా? బస్తాలు మోశారా? అలవాటు లేని పని చేస్తే మరునాడు ఒళ్లు నొప్పులు వస్తాయి. అదే పని కొద్దికొద్దిగా పెంచుకుంటూ నెలరోజులు చేస్తే సులువవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? ఒక మల్లయోధుని జీవితం ద్వారా తెలుసుకుందాం.

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో పంజాబులోని అమృత్‌సర్ ప్రాంతంలో కుస్తీ పట్టే కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. బంధువులైన వస్తాదులు అతన్ని పెంచి, కుస్తీ నేర్పారు. 1888లో జోధ్‌పూర్‌లో బస్కీల పోటీ జరిగింది. 400 మందికి పైగా పాల్గొన్నారు. చివరిదాకా నిలిచిన 15 మందిలో పదేళ్ల గామా ఒకడు. మహారాజు అతన్నే విజేతగా ప్రకటించాడు.

గామా ఏళ్ల తరబడి రోజూ దండీలు, బస్కీలు చేశాడు. పాలు, నెయ్యి, బాదంపప్పు బాగా తిన్నాడు. ఇప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో చూడండి. కష్టమైన పని చేసినప్పుడు కండరాల పోగులు అక్కడక్కడ సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ పోగులను అంటిపెట్టుకుని ఉన్న ప్రత్యేక కణాలు వాటిని బాగుచేస్తాయి. ఇందుకు కావలసిన మాంసకృత్తులు ఆహారం నుంచి వస్తాయి. ఇలా పదేపదే జరిగితే పోగులు లావెక్కుతాయి. బరువు మోసే ఎముకలు కూడా గట్టిపడతాయి. కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు మాత్రం నెమ్మదిగా బలపడతాయి. ఈ మరమ్మతు ఎక్కువగా విశ్రాంతి సమయంలోనే జరుగుతుంది. అంటే శ్రమ బలానికి పిలుపు మాత్రమే. బలాన్ని కట్టేవి తిండి, నిద్ర.

1910లో గామా లండన్ వెళ్లాడు. పొట్టివాడని అక్కడి పోటీలో చేర్చుకోలేదు. అతడు నిరాశపడక పెద్ద యోధులకు సవాలు విసిరాడు. పోలండుకు చెందిన జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడినా ఫలితం తేలలేదు. 1928లో పాటియాలాలో వాళ్లిద్దరూ మళ్లీ తలపడ్డారు. అప్పటికి గామాకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. అయినా నిమిషం లోపే గెలిచాడు.

దేశ విభజన తర్వాత గామా పాకిస్తాన్‌లోని లాహోరులో నివసించాడు. 1960లో అక్కడే మరణించాడు.

మీరూ శ్రమజీవులే కావచ్చు. కొత్త బరువైన పనిని ఒక్కసారిగా మీద వేసుకోకండి. కొద్దికొద్దిగా పెంచండి. పప్పు, పాలు, గుడ్లు వంటివి వీలైనంత తినండి. కంటినిండా నిద్రపోండి. నొప్పి వారమైనా తగ్గకపోయినా, వాపు వచ్చినా డాక్టరుకు చూపించండి.

ఆలోచించి రాయండి: మీరు చేసే పనిలో ఏ కండరాలు ఎక్కువ శ్రమపడుతున్నాయి? వాటికి మీరు ఎంత విశ్రాంతి ఇస్తున్నారు?