జగద్గురు పీఠం వద్దన్న మదనపల్లె బిడ్డ

మదనపల్లె అనగానే టమోటా మార్కెట్టు, పట్టు చీరలు, పక్కనే చల్లని హార్సిలీ కొండలు గుర్తుకు వస్తాయి. ఆ ఊళ్ళోనే పుట్టిన ఒక అర్భకపు పిల్లవాడిని ఒకప్పుడు వేలాదిమంది సాక్షాత్తు అవతార పురుషుడని కొలిచారు. కోటలు, భూములు, ధనం తెచ్చి పాదాల ముందు పెట్టారు. ముప్పయి నాలుగేళ్ళ వయసులో ఆయన అవన్నీ తిరిగి ఇచ్చివేసి, తాను ఎవరికీ గురువును కానని చెప్పి బయటకు నడిచారు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. ఎవరిని వారు తెలుసుకోవడం కంటే పెద్ద చదువు లేదని తొంభై ఏళ్ళ వయసు వరకూ దేశదేశాలు తిరిగి చెప్పిన ఈ మనిషి కథ మన పల్లెల్లో ప్రతి ఒక్కరూ తెలుసుకోదగినది.

మందమతి అనిపించుకున్న బాల్యం

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తహసీల్దారు దాకా ఎదిగినవారు. తల్లి సంజీవమ్మ భక్తురాలు. ఎనిమిదవ సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టుకున్నారు.

చిన్నతనంలోనే మలేరియా పట్టుకుని కృష్ణుణ్ణి చాలాకాలం పీడించింది. బడికి సరిగా వెళ్ళలేకపోయేవాడు. వెళ్ళినా పాఠం తలకెక్కేది కాదు. ఆకాశంలో మబ్బులను, నేలమీద పురుగులను చూస్తూ గంటలకొద్దీ నిలబడిపోయేవాడు. తమ్ముడు నిత్యానంద అందుకు భిన్నంగా చదువులో చురుకైనవాడు. అయితే కృష్ణుడికి యంత్రాలంటే ఇష్టం. ఒకసారి ఇంట్లో గడియారం విప్పి, మళ్ళీ బిగించేదాకా బడికి వెళ్ళనని మొండికేశాడట. తన పలక, పుస్తకాలు పేదపిల్లలకు ఇచ్చివేసి వట్టి చేతులతో ఇంటికి వచ్చేవాడని కూడా చెబుతారు.

1905లో తల్లి మరణించింది. కృష్ణుడికి అప్పుడు పదేళ్ళు. నారాయణయ్య ఉద్యోగ విరమణ తర్వాత 1909 జనవరిలో పిల్లలను తీసుకుని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరారు. కాపురం ఒక పాడుబడిన ఇంట్లో. బడి మైలాపూరులో, కొన్ని మైళ్ళ నడక. పాఠం రాని నేరానికి ఆ పిల్లవాడికి బడిలో తరచూ దెబ్బలు పడేవి.

సముద్రపు ఒడ్డున మారిన జాతకం

ఆ ఏడాదే అడయారు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల్లో కృష్ణుణ్ణి లెడ్‌బీటర్ అనే ఆంగ్లేయుడు చూశారు. ఆయన దివ్యజ్ఞాన సమాజంలో పెద్ద. లోకాన్ని ఉద్ధరించడానికి ఒక జగద్గురువు రాబోతున్నాడని ఆ సమాజం వారు నమ్మేవారు. ఆ గురువు ఈ పిల్లవాడి శరీరంలోనే వస్తాడని లెడ్‌బీటర్ ప్రకటించారు. స్వార్థం మచ్చుకైనా లేని పిల్లవాడని ఆయనకు తోచిందట. బడిలో మందమతి అయినవాడు ఒక్కసారిగా దేవుడయ్యాడు.

సమాజ అధ్యక్షురాలు అనీబిసెంటు అన్నదమ్ములిద్దరినీ తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో కృష్ణమూర్తి అధిపతిగా తూర్పు నక్షత్ర సంఘం ఏర్పడింది. పిల్లలను ఇంగ్లండుకు పంపారు. తన బిడ్డలను తనకు ఇప్పించమని నారాయణయ్య కోర్టుకెక్కారు. మద్రాసులో ఆయనే గెలిచారు గాని, 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు బిసెంటు పక్షాన వచ్చింది. కన్నతండ్రి ఒకవైపు, దేవుణ్ణి చేసినవారు ఒకవైపు లాగుతూ ఉంటే, ఆ పిల్లవాడి మనసులో ఏముందో ఎందరు అడిగి ఉంటారు?

ఇంగ్లండులో పెద్ద చదువులు చదివించాలని చూశారు. కృష్ణమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్ష పలుమార్లు రాసి తప్పారు. అక్కడే మాతృభాష తెలుగు కూడా మరచిపోయారు. పెద్దయ్యాక సొంత ప్రాంతానికి వచ్చి మాట్లాడినా ఇంగ్లీషులోనే మాట్లాడవలసి వచ్చింది. ఆయన మాట మన పల్లెలకు చేరవలసినంతగా చేరకపోవడానికి ఇదొక కారణం.

తమ్ముడి మరణం

అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు ప్రాణం. నిత్యానందకు క్షయ సోకింది. గాలి మార్పు కోసం 1922లో అమెరికాలోని ఓహాయ్ లోయకు చేరారు. నిత్యకు ఏమీ కాదని, జగద్గురువు పనికి అతడు అవసరమని, మహాత్ములు కాపాడతారని పెద్దలందరూ భరోసా ఇచ్చారు. కృష్ణమూర్తి కూడా అది నమ్మారు. 1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియాకు వస్తూ ఉండగా, ఓహాయ్‌లో తమ్ముడు చనిపోయినట్లు తంతి అందింది.

ఆ దుఃఖం ఆయనను కుదిపివేసింది. రోజుల తరబడి ఓడలో కుమిలిపోయారు. తమ్ముడితోపాటు, ఇతరులు తనకు అప్పగించిన నమ్మకం కూడా చచ్చిపోయింది. మనకూ ఇటువంటి గడియలు వస్తాయి. బిడ్డకు జబ్బు చేస్తే ఎవరో ఏమీ కాదని అభయమిస్తారు. మొక్కుతాము, కానుక ఇస్తాము, తాయెత్తు కడతాము. అయినా బిడ్డ దక్కదు. అప్పుడు కొందరు మరో గురువు దగ్గరకు పరుగెత్తుతారు. కృష్ణమూర్తి ఆ పని చేయలేదు. ఆ దుఃఖం దగ్గరే ఆగి, దానిని చూశారు. నాకు ఓదార్పు కావాలి గనుక కదా నేను నమ్మాను, అసలు నమ్మకం పుట్టేది భయంలోంచి కాదా అని తరచి చూసుకోవడం ఆయనకు అలవాటైంది.

వేలమంది ముందు విడిచిన పీఠం

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ అనే చోట నక్షత్ర సంఘం సభ జరిగింది. మూడు వేలమందికి పైగా వచ్చారు. కన్నతల్లిలా పెంచిన అనీబిసెంటు ఎదుటే కూర్చున్నారు. ఆ సభలో కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. సత్యానికి ఎవరూ రోడ్డు వేయలేరని, ఏ మతమూ ఏ గురువూ ఏ సంఘమూ మనిషిని అక్కడికి చేర్చలేవని, తనకు శిష్యులు అక్కరలేదని స్పష్టం చేశారు. ఒక ప్రభువు సంఘానికి ఇచ్చిన కోటను, దాని చుట్టూ ఉన్న వేల ఎకరాల్లో చాలా భాగాన్ని తిరిగి ఆయనకే అప్పగించారు.

ఒక్క సెంటు భూమి కోసం తలలు పగిలే రోజుల్లో ఇదొక వింతగానే తోస్తుంది. అయితే భూమి వదలడం కన్నా కష్టమైనది మరొకటి ఉంది. నువ్వు దేవుడవు అని పదిమంది రోజూ అంటూ ఉంటే కాదని చెప్పగలగడం. ఊరి సర్పంచికి నలుగురు దండం పెడితేనే నడక మారిపోతుంది. పద్నాలుగేళ్ళ వయసు నుంచి పూజలందుకున్న మనిషి ఆ పొగడ్తను పక్కకు నెట్టాడంటే, తన మనసును ఎంత నిశితంగా చూసుకుని ఉండాలి! ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు ఆయన ఏ పీఠమూ ఎక్కకుండా, మామూలు కుర్చీలో కూర్చుని, వచ్చినవారితో మాట్లాడారు.

తన్ను తాను చూసుకోవడం అంటే

కృష్ణమూర్తి చెప్పినదానిని పల్లె మాటల్లో ఇలా అనుకోవచ్చు. ఒక ఊళ్ళో అన్నదమ్ములిద్దరికి పొలం గట్టు దగ్గర మాటపట్టింపు వచ్చింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. గట్టు ఎప్పుడో సర్దుబాటయింది. అయినా తమ్ముడు ఎదురుపడితే అన్నకు ఇరవై ఏళ్ళనాటి మాటే గుర్తుకు వస్తుంది. ఎదుట నిలబడిన మనిషిని, నెరిసిన అతని జుట్టును, తగ్గిన అతని కోపాన్ని అన్న చూడడు. మనసులో దాచుకున్న పాత బొమ్మనే చూస్తాడు. తమ్ముడూ అంతే. రెండు బొమ్మలు పోట్లాడుకుంటాయి, ఇద్దరు మనుషులు నలిగిపోతారు.

భార్యాభర్తల మధ్య, కులానికి కులానికి మధ్య, దేశానికి దేశానికి మధ్య జరిగేది ఇదేనని ఆయన అభిప్రాయం. ఆ బొమ్మను పట్టుకోవాలంటే అడవికి పోనక్కరలేదు, కాషాయం కట్టనక్కరలేదు. పక్కవాడి పంట బాగా పండినప్పుడు మన కడుపులో కలిగే మంట, కూలివాడితో మాట్లాడేటప్పుడు మారే మన గొంతు, అధికారి ముందు వంగే మన నడుము, వీటిని జరుగుతున్నప్పుడే గమనిస్తే చాలు. మనమెవరో అక్కడ బయటపడుతుంది.

సాధారణంగా కోపం వస్తే మనం రెండింటిలో ఒకటి చేస్తాము. ఎదుటివాడిదే తప్పని వాదిస్తాము. లేదా కోపం పాపమని అణచుకుంటాము. కృష్ణమూర్తి మూడవది చేయమన్నారు. తిట్టకుండా, సమర్థించుకోకుండా, పాముని చూసినంత జాగ్రత్తగా దానిని చూడమన్నారు. కోపపడేవాడు వేరు, దానిని అదుపు చేసేవాడు వేరు అని మనం అనుకోవడమే పొరపాటని, రెండూ ఒకే మనసని వివరించారు. తెలివి అంటే పుస్తకాల్లో పోగుచేసుకున్నది కాదని, ఇలా చూసే చూపులో పుట్టేదని ఆయన భావించారు. మెట్రిక్ గట్టెక్కని ఈ మనిషితో డేవిడ్ బోమ్ వంటి భౌతిక శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కూర్చుని చర్చించడం గమనించదగినది.

రిషివ్యాలీ

కృష్ణమూర్తికి సొంత గడ్డ మీద మమకారం పోలేదు. మదనపల్లెకు సుమారు పది మైళ్ళ దూరంలో, రిషికొండ నీడలో, పెద్ద మర్రిచెట్టు ఉన్న ఒక లోయను 1920లలో ఆయన ఎంచుకున్నారు. అక్కడ వెలసినదే రిషివ్యాలీ పాఠశాల. వానలు తక్కువైన ఆ మెట్ట నేలలో చెట్లు నాటి పచ్చదనం తెచ్చారు. చదువులో ఒకరితో ఒకరిని పోల్చి మార్కుల పందెం పెట్టకూడదని, పోలిక నుంచే భయం, అసూయ పుడతాయని ఆయన ఉపాధ్యాయులకు చెబుతూ వచ్చారు. బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక భయం లేని బడిని కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అక్కడ ఫీజులు కట్టి చదివే పిల్లలు ఎక్కువగా కలిగినవారి బిడ్డలేనన్న మాట ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఆ సంస్థ 1980ల నుంచి చిన్న బడులు నడిపింది. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు తెలుగులో నేర్చుకునే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుని ఇతర ప్రాంతాలకూ పాకింది.

ఆయనా మనిషే

కృష్ణమూర్తి జీవితంలో మచ్చలు లేవని చెప్పనక్కరలేదు. చిరకాల సహచరుడు రాజగోపాల్‌తో పుస్తకాల హక్కులు, ట్రస్టు ఆస్తుల విషయమై వివాదం కోర్టుకెక్కి 1974లో పరిష్కారమైంది. రాజగోపాల్ భార్యతో కృష్ణమూర్తికి చాలాకాలం సంబంధం ఉండేదని, వారి కుమార్తె రాసిన పుస్తకం 1991లో వెలువడింది. అభిమానులు కొందరికి అది మింగుడుపడలేదు. నన్ను నమ్మవద్దు, నేను చెప్పింది నిజమో కాదో మీలో మీరే చూసుకోండి అని జీవితమంతా మొత్తుకున్న మనిషిని మచ్చలేని దేవుడని అనుకోవడమే ఆయన మాటకు ఎదురు నడవడం కదా.

పద్ధతి చెప్పడు, మంత్రం ఇవ్వడు, మామూలు మనిషికి ఎలా సాధ్యమని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్న బరువైనదే. తాను ఇన్నేళ్ళుగా చెప్పినదానిని ఎవరూ పూర్తిగా జీవితంలోకి తెచ్చుకోలేదని చివరి రోజుల్లో ఆయనే అన్నారు. తన తర్వాత తన మాటలకు భాష్యం చెప్పే అధికారం ఎవరికీ లేదని కూడా ముందే తేల్చిచెప్పారు.

1985 డిసెంబరులో కృష్ణమూర్తి చివరిసారి రిషివ్యాలీ వచ్చి పిల్లలతో, ఉపాధ్యాయులతో గడిపారు. 1986 జనవరి మొదట్లో మద్రాసులో ఆఖరి ప్రసంగం చేసి అమెరికా వెళ్ళారు. ఫిబ్రవరి 17న, తమ్ముడు కన్నుమూసిన ఆ ఓహాయ్‌లోనే, క్లోమ గ్రంథి క్యాన్సరుతో తొంభయ్యవ ఏట మరణించారు. తంతులు వద్దని, స్మారకాలు కట్టవద్దని ముందే చెప్పి ఉంచారు.

కనుక ఆయన పేరిట మొక్కుకోవడానికి గుడి లేదు, తీసుకోవడానికి తీర్థం లేదు. ఆయన పుట్టిన గడ్డవాళ్ళం ఆయనను తలచుకోవాలంటే ఒక పని ఉంది. ఈసారి ఇంట్లోనో పొలంలోనో కోపం వచ్చి నోరు లేచినప్పుడు, ఎదుటివాడి తప్పు లెక్కపెట్టేలోపు ఒక్క నిమిషం మన లోపలికి చూసుకోవడం. ఖర్చు లేదు, ముహూర్తం అక్కరలేదు. అయినా అది ఎంత కష్టమో, ఒకసారి చేసి చూసినవారికే తెలుస్తుంది.