ఐదు గంటలకు వచ్చిన కూలివారు: ఎలిజబెత్ ఫ్రై చరిత్ర

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానమును మన సంఘములలో విననివారుండరు. ప్రొద్దుననే తోటలో దిగినవారికిని, సాయంకాలము ఐదు గంటలకు వచ్చినవారికిని యజమానుడు ఒకే కూలి ఇచ్చెను. కూలిపని ఎరిగిన మనకు ఆ లెక్క మొదట రుచింపదు. ఆ ఉపమానమును లండను పట్టణపు న్యూగేటు చెరసాలలో ఖైదీ స్త్రీలకు చదివి వినిపించిన ఒక తల్లిని గూర్చి ఈ నెల వ్రాయదలచితిమి.

ఎలిజబెత్ 1780 మే 21న ఇంగ్లండులోని నార్విచ్ పట్టణములో గర్నీ అను ధనికుల ఇంట జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. వారు క్వేకరులు; అనగా పాదిరిగాని పాటలుగాని లేక, మౌనముగా కూర్చుండి ఆరాధించు సంఘమువారు. అయినను ఆ చిన్నదానికి నాట్యములు, రంగుబట్టలు ప్రియము. 1798లో అమెరికానుండి వచ్చిన విలియం సేవరీ అను బోధకుని ప్రసంగము వినుటకు ఎఱ్ఱ త్రాళ్లు కట్టిన ఊదారంగు జోళ్లు తొడిగికొని వెళ్లెనట. తిరిగి వచ్చునప్పుడు ఏడ్చుచు వచ్చెను. 1800లో జోసెఫ్ ఫ్రైని వివాహమాడి, 11 మంది బిడ్డలకు తల్లి అయ్యెను.

1813లో ఆమె మొదటిసారి న్యూగేటు చూచెను. సుమారు 300 మంది స్త్రీలు, వారి పసిబిడ్డలు, కొద్దిపాటి గదులలో క్రిక్కిరిసి ఉండిరి. విచారణ కానివారు, ఉరిశిక్ష పడినవారు కలిసియే యుండిరి. అక్కడనే వంట, అక్కడనే నిద్ర. జైలు అధికారులే లోపలికి పోవ జంకెడివారు. ఆమె పసివారికి వెచ్చని బట్టలు ఇచ్చి, ప్రార్థించి వచ్చెను. పిమ్మట ఇంటి కష్టములు చుట్టుకొనెను. 1815లో చిన్న కుమార్తె మరణించెను. మూడేండ్లు ఆమె న్యూగేటుకు మరల పోలేదు.

1816 సంవత్సరాంతమున మరల వెళ్లి, తన్ను ఆ స్త్రీలతో ఒంటరిగా విడువుడని కోరి, ఆ ద్రాక్షతోట ఉపమానము చదివెను. విన్నవారిలో కొందరు క్రీస్తు ఎవరని అడిగిరి. మరికొందరు తమకిక వేళ మించిపోయినదని భయపడిరి. ఈ సంగతి చదివినప్పుడు మేము కొంతసేపు ఆగిపోతిమి. ఆ చెరసాలకు సమీపముననే గుడి యున్నది. ఉరితీయు దినమున దాని గంట మ్రోగెడిది. గంట విన్నారు గాని, క్రీస్తును ఎరుగరు!

1817లో ఆమె అక్కడ బిడ్డలకు బడి పెట్టించెను. పంతులమ్మ బయటినుండి రాలేదు. ఖైదీలలోనే ఒకరిని ఏర్పరచుకొనిరి. తిట్లు, జూదము, బిచ్చమెత్తుట మానవలెనను నియమములను ఒక్కొక్కటిగా చదువగా, ఆ స్త్రీలు చేతులెత్తి సమ్మతించిరి. దొంగలని లోకము త్రోసివేసినవారిని సమ్మతి అడుగుట ఆ కాలమున ఎవరికిని తోచని పని. కుట్టుపని, దానికి కూలి, ఉదయ సాయంకాలములు వాక్యపఠనము ఏర్పడెను. 1818లో ఆమె పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. 1823 చట్టము స్త్రీ ఖైదీలకు స్త్రీలే కావలియుండవలెనని విధించెను.

ఆస్ట్రేలియాకు పంపబడు స్త్రీలను ఓడలకు తీసికొనిపోవునప్పుడు తెరచిన బండ్లలో, జనుల ఎగతాళి నడుమ త్రోలెడివారు. ఆమె అధికారులను బ్రతిమాలి మూసిన బండ్లు పెట్టించి, వెంట తానును వెళ్లెను. ఒక్కొక్కరికి సూదులు, దారము, గుడ్డపేలికలు గల సంచి ఇప్పించెను. మన అవ్వలు బొంతలు కుట్టునట్లే వారును ఓడలో కుట్టుకొనిరి. 1841లో రాజా అను ఓడలో 2,800కు మించిన పేలికలతో కుట్టిన బొంత నేటికిని కాన్‌బెరాలో భద్రముగా నున్నది.

ఆమె పనిలో కొరతలు లేవనము. గొప్పవారు వేడుక చూచునట్లు ఆమె వాక్యపఠనము చూడ వచ్చెడివారు. 1828లో భర్త బ్యాంకు దివాలా తీయగా, క్వేకరులు అతనిని తమ సంఘమునుండి తొలగించిరి. ఆమె పేరుకును నిందలు తప్పలేదు. అయినను చెరసాలలకు పోవుట మానలేదు.

విక్టోరియా రాణి కాలమున 1842లో లండనులో పెంటన్విల్ అను క్రొత్త చెరసాల తెరచిరి. అక్కడ ప్రతి ఖైదీకి వేరు గది. బయటికి వచ్చినప్పుడు ముఖమునకు ముసుగు. గుడిలో సైతము ఒక్కొక్కనికి చెక్కలతో అడ్డుగట్టిన గూడు. పాదిరి కనబడును గాని ప్రక్కవాడు కనబడడు. ఒంటరితనమే మనస్సు మార్చునని దాని పెద్దలు నమ్మిరి. రాత్రివేళ వేరుచేయుట మంచిదని ఆమెయు ఒప్పుకొనెను గాని, రాత్రింబగళ్లు ఒంటరిగా నుంచిన మతి చెడుననియు, మరల జనులలో బ్రతుక నేర్వరనియు వాదించెను. మాకును ఆమె మాటయే సరియని తోచుచున్నది. ఆ గూళ్లలో నిలిచి పాడిన కీర్తన ప్రక్కవానిని ఎట్లు చేరును?

1845 అక్టోబరు 12న రామ్స్‌గేటులో ఆమె మరణించెను. బార్కింగులోని క్వేకరుల శ్మశానమున సమాధి చేసిరి. వారి ఆచారము చొప్పున అక్కడ క్రమము చదువలేదు. వెయ్యిమందికి పైగా వచ్చి, ఆ గోతి చుట్టు మౌనముగా నిలువబడిరి.