దమ్మక్క పందిరి, గోపన్న పద్దు

పచ్చళ్ల వ్యాపారమైనా, పొదుపు సంఘమైనా మొదలుపెట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. భద్రాచలం గుడి కథలో ఈ రెండూ ఉన్నాయి. ఆ గుడి కట్టించిన కంచర్ల గోపన్న మనందరికీ రామదాసుగా తెలుసు. ఆయన కీర్తన ఒక్కటైనా రాని ఇల్లాలు ఉండదేమో. ఆయన పడ్డ డబ్బు చిక్కు గురించి మాత్రం అంతగా ఆలోచించం.

గోపన్నది 17వ శతాబ్దం. ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు పుట్టాడు. భార్య కమలమ్మ. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ కొలువులో పెద్ద పదవుల్లో ఉండేవారు. అప్పటి నవాబు అబుల్ హసన్ కుతుబ్‌షా. తానీషా అంటే ఆయనే. 1672 నుంచి 1687 దాకా ఏలాడు. మేనమామల పలుకుబడితో గోపన్నకు పాల్వంచ పరగణాలో తహసీల్దారు ఉద్యోగం దొరికింది. పన్నులు వసూలు చేసి ఖజానాకు పంపడం ఆయన పని.

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున, అడవి మధ్య భద్రాచలం. అక్కడ రాముణ్ణి మొదట కొలిచింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం చెబుతుంది. కలలో కనిపించిన స్వామిని వెతుక్కుంటూ వెళ్లి, పుట్టలో విగ్రహాలు చూసి, తాటాకు పందిరి వేసిందట. తాటిపండే నైవేద్యం. అడవి ఇచ్చిందే ఆమె పెట్టుబడి. ఎవరికీ బాకీ పడలేదు.

ఎండకూ వానకూ ఆ పందిరి కింద ఉన్న దేవుణ్ణి చూసి గోపన్న మనసు ఆగలేదు. రాతి గుడి కట్టిద్దామని చందాలు పోగుచేశాడు. అవి చాలలేదు. చేతిలో పన్నుల సొమ్ము ఉంది. నవాబు అనుమతి కోసం చూడకుండా దాన్నే గుడికి ఖర్చు పెట్టేశాడు. ఆరు లక్షల మొహరీలని చెప్పుకుంటారు. తన ఇంటికి పట్టుకుపోలేదు, నిజమే. కానీ ఆ డబ్బు ఆయనదీ కాదు. అది తిరిగి ఖజానాకు ఎలా చేరుతుందో ముందుగా చూసుకోనూ లేదు.

లెక్క అడిగారు. చెప్పలేకపోయాడు. పన్నెండేళ్లు గోల్కొండ కోటలో చెర. ఆ గదిని ఇప్పటికీ చూపిస్తారు. ఆ చీకట్లో పాడిన కీర్తనల్లో ఒకటి అచ్చంగా ఖర్చుల పద్దే. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అంటూ దేవుడికే చిట్టా చదివి వినిపించాడు. బయట కమలమ్మ ఆ పన్నెండేళ్లూ సంసారం ఎలా ఈదిందో మాత్రం మన కథలు అంతగా పట్టించుకోలేదు.

చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా ఒక రాత్రి తానీషా దగ్గరికి వచ్చి, పైకం కట్టి రసీదు తీసుకున్నారని గాథ. గోపన్న విడుదలయ్యాడు. శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషాతోనే మొదలైందని చెబుతారు. ఒక్క మనిషి నెత్తిన పడ్డ భారం అలా ఏటేటా సాగే ఏర్పాటుగా మారింది. గోల్కొండ 1687లో పడిపోయినా ఆ ఆనవాయితీ నిలిచింది.

తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ఇంకా సరిదిద్దుకుంటూ వచ్చారు. 19వ శతాబ్దంలో తూము లక్ష్మీనరసింహదాసు, వరద రామదాసు గుడి సేవలను ఒక క్రమంలో పెట్టారు. కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపుతున్నారు. 2022లో అయితే తెలంగాణ ఆర్టీసీ కార్గో, కల్యాణానికి రాలేనివారి ఇంటికే తలంబ్రాలు చేర్చింది. భక్తుడికి ప్రసాదం, ఆర్టీసీకి రాబడి.

సంకల్పం మంచిదైతే డబ్బు దానంతటదే సర్దుకుంటుందని మనమూ అనుకుంటాం. గోపన్న సంకల్పం కంటే మంచిది ఏముంటుంది? అయినా చెర తప్పలేదు. రేపు మీరు కుట్టు మిషనుతో చిన్న దుకాణం తెరిచినా, నలుగురితో కలిసి సంఘం పెట్టినా, పైకం ఎవరిది, ఎలా తిరిగి వస్తుంది అన్న రెండు ముక్కలు ముందే పుస్తకంలో రాసుకోండి. చేతిలో ఉన్నంతలోనే పందిరి వేసిన దమ్మక్కను కూడా ఒకసారి తలచుకోండి.