గెర్ట్రూడ్ ఎడర్లీ

గోదావరి యొడ్డున పెరుగు మన చెన్నూరు పిల్లలకు ప్రవాహపు బలము తెలియనిది కాదు. కావున ఒక గొప్ప యీతకత్తె చరిత్రమును వారికి చెప్పగోరుచున్నాము.

ఎడర్లీ 1905వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించెను. బాల్యమున తట్టు సోకి ఆమె వినికిడి మందగించెను. ఈతవలన చెవుడు ముదురునని వైద్యులు హెచ్చరించినను ఆమె నీటిని విడువలేదు. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు ఒక స్వర్ణపతకమును, రెండు కాంస్యపతకములను గెలిచెను. 1925లో, ఫ్రాన్సు ఇంగ్లండుల నడుమనున్న 21 మైళ్ల సముద్రమును ఈదబోయి, దాటజాలకపోయెను. మరుసటి యేట ఆగస్టు 6వ తేదీన మరల దిగి, సుమారు 14½ గంటలలో ఆవలియొడ్డు చేరెను. అంతకు పూర్వము దానిని ఈదినవారు ఐదుగురు పురుషులే. వారిలో మిక్కిలి వేగవంతునికంటెను ఆమెకు దాదాపు 2 గంటలు తక్కువ పట్టెను.

1933లో జారిపడి వెన్నెముకకు గాయమై పెక్కేండ్లు బాధపడెను. అయినను 1939లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున మరల ఈదెను. పిదప వినికిడి పూర్తిగా పోయెను. అప్పుడామె న్యూయార్కులోని లెక్సింగ్టన్ బధిరపాఠశాల పిల్లలకు ఈత నేర్పెను. 2003లో, 98వ యేట, మరణించెను.

చెవిటి బిడ్డను చూచి జాలిపడుట సులభము. వానితో నీట దిగి నేర్పుటకు ఓర్పు కావలెను. అట్టి బిడ్డలను తల్లిదండ్రులు ఇంట దాచక బడికిని ఆటస్థలమునకును పంపవలెననియు, తోడి విద్యార్థులు వారిని తమ జట్టులో చేర్చుకొనవలెననియు కోరుచున్నాము.